కట్టిన డబ్బు నాది కాదా అన్నయ్యా?

డాలస్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "హెచ్1బీ మీద ఆరేళ్ళుగా ప్రతి జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి, అంటే ఇక్కడి ప్రభుత్వ పింఛను పథకానికి, పోతోంది. ఇండియాకి వెళ్ళిపోతే ఆ డబ్బు నాకు రాదా? అది నా హక్కు కాదా?"

రాదు తమ్ముడూ. 40 క్రెడిట్లు, అంటే పదేళ్ళ పని, నిండకుండా వెళ్ళిపోతే పింఛను ఉండదు, కట్టింది వాపసు ఇవ్వరు. రెండు దేశాల్లో చేసిన సర్వీసు కలిపి లెక్కేసే ఒప్పందం కొన్ని దేశాలతో ఉంది, మనతో లేదు. నీ బాధ న్యాయమైనదే. కానీ హక్కు అన్న మాట ఇక్కడ వేరుగా నడుస్తుంది.

నిరుద్యోగంలో, ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వం ఆదుకోవాలని మన రాజ్యాంగం 41వ అధికరణంలో రాసుకున్నాం. దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెళ్ళలేమని 37వ అధికరణం అంటుంది, అయినా మాటంటూ ఉంది. అమెరికా రాజ్యాంగంలో ఆ మాటే లేదు. ప్రజా సంక్షేమానికి పన్ను వేసి ఖర్చు పెట్టే అధికారం మాత్రం కాంగ్రెసుకి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, ఇచ్చారు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం ఆ అధికారం కిందకే వస్తుందని 1937లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి పథకం పెట్టమని బలవంతం లేదు, పెడితే కాదనేవారూ లేరు.

నెస్టర్ అనే ఆయన 1913లో బల్గేరియా నుంచి వచ్చాడు. 19 ఏళ్ళు సోషల్ సెక్యూరిటీ కట్టి, నెలకి 55 డాలర్ల చిల్లర పింఛను తీసుకుంటుండగా, ఎప్పుడో 1930ల్లో కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడని దేశం నుంచి పంపేశారు, పింఛను ఆపేశారు. కట్టినంత మాత్రాన అది ఆస్తిహక్కు కాదని 1960లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. మనలాగే వలస వచ్చినవాడు. ఆ కేసు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. చట్టం ఒకసారి ఇచ్చాక అధికారులు ఇష్టమొచ్చినట్టు లాక్కోలేరు. మా మాట వినకుండా సాయం ఎలా ఆపుతారని న్యూయార్కు పేదలు కోర్టుకెళితే, ఆపేముందు విచారణ జరపాల్సిందేనని 1970లో తీర్పొచ్చింది. నిరుద్యోగ భృతికైతే ఆ విచారణ హక్కు 1935 చట్టంలోనే ఉంది.

నన్ను నిలబెట్టింది అదే. 2009లో ఉద్యోగం పోయింది, అప్పటికి గ్రీన్‌కార్డు ఉంది. "మీ అంతట మీరే మానేశారు, భృతికి అర్హత లేదు" అని ఉత్తరం వచ్చింది. సూపర్‌మార్కెట్ కరపత్రాల మధ్య ఆ కవరు పదకొండు రోజులు మెయిల్‌బాక్సులోనే పడి ఉంది. మా ఆవిడ తీసి చూసేసరికి అప్పీలుకి మూడు రోజులే మిగిలాయి. ఆ తేదీ ఉన్నది రెండో పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో. విచారణ ఫోన్లోనే జరిగింది. వంటింటి బల్ల మీద లేఆఫ్ కాగితం పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. మూడు వారాలకి బకాయిలతో సహా ఇచ్చారు.

వీసా మీద ఉన్నవాళ్ళకి భృతి సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉద్యోగం పోతే మీ ఊరి లీగల్ ఎయిడ్‌వాళ్ళని అడుగు. గ్రీన్‌కార్డు వచ్చినా, 1996 చట్టం ప్రకారం పెద్దవాళ్ళు మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా), ఫుడ్ స్టాంపుల (తిండి కొనుక్కునే సాయం) కోసం మామూలుగా ఐదేళ్ళు ఆగాలి. ఇక్కడ పుట్టిన బిడ్డకి ఆ అడ్డు లేదు, పౌరసత్వం ఉంటుంది కనుక.

నీ విషయానికొస్తే, టికెట్ కొనేలోపు సోషల్ సెక్యూరిటీ సైట్లో ఖాతా తెరిచి క్రెడిట్లు చూడు. ఏడాదికి నాలుగే వేస్తారు, ఆరేళ్ళకి 24 ఉండాలి. విద్యార్థి వీసా మీద ఓపీటీలో, అంటే చదువయ్యాక చేసే తాత్కాలిక ఉద్యోగంలో, చేసిన నెలలకి మామూలుగా ఆ పన్ను కోయరు, కోయకపోతే అవి లెక్కలోకి రావు. తక్కువ కనిపిస్తే ఆ ఏడాది డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్కల కాగితం) తీసి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి పట్టుకెళ్ళు, సరిచేస్తారు.