విల్లాండ్రీ తోటకి జూన్‌లో వెళ్లొచ్చా?

జూన్ రెండో వారంలో ఫ్రాన్స్ వస్తున్నాం, విల్లాండ్రీ కోట తోట ఫోటోల్లో ఉన్నట్టే ఉంటుందా అని అడిగారు. తేదీలు మార్చుకునే వీలుంటే మార్చుకోండి. నేను దగ్గర్లోని తూర్ నగరంలో చదువుకున్న రెండేళ్లలో మూడుసార్లు వెళ్లాను, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లే. మొదటిసారి వెళ్లింది జూన్‌లోనే.

మీరు ఫోటోల్లో చూసింది కూరగాయల తోట. ఒకే కొలతలో తొమ్మిది చదరాలు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం ముగ్గు. అంచులకి బాక్స్‌వుడ్ అనే పొద మొక్కల్ని పొట్టిగా కత్తిరించిన కంచె, లోపల రంగులు ఎక్కువగా కూరలవే. ఏడాదికి రెండు నాట్లు: ఒకటి మార్చి నుంచి జూన్ దాకా, రెండోది జూన్ నుంచి నవంబర్ దాకా. నేను వెళ్లిన రోజు మూడు చదరాలు ఉత్త మట్టి. టికెట్ డబ్బులు దండగ అనుకున్నాను. తర్వాత నాలుగో చదరం దగ్గర గంటసేపు నిలబడిపోయాను. తోటమాలి రెండు మేకుల మధ్య తాడు బిగించి, దాని వెంట క్యాబేజీ నారు పెడుతున్నాడు. నాలుగైదు మొక్కలకోసారి వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి వరస చూసుకుంటున్నాడు. ఒకటి వేలెడు పక్కకి పోతే పీకి మళ్లీ పెట్టాడు.

రంగు కుదిరింది కదా అని ఏ కూరైనా ఎక్కడైనా పెట్టడానికి లేదు. ఏటా దాదాపు 40 రకాలు వేస్తారు, అవి ఎనిమిది మొక్కల కుటుంబాలకి చెందినవి. నేల సారం పోకుండా, తెగుళ్లు పట్టకుండా వాటిని మూడేళ్ల లెక్కతో చదరాలు మారుస్తారు. మా అమ్మమ్మ వంగ పీకిన మడిలో మిరప నారు పెట్టనిచ్చేది కాదు, రెండూ ఒకే కుటుంబం కదా, అదే లెక్క.

ఇంకోటి, ఇది 16వ శతాబ్దం నుంచి చెక్కుచెదరకుండా ఉన్న తోట అనుకుని రాకండి. కోట 1536 నాటిదే గానీ, 19వ శతాబ్దంలో పాత తోట తీసేసి ఇంగ్లీష్ తరహా పార్కు పెట్టేశారు. 1906లో కోట కొన్న స్పెయిన్ డాక్టర్ జోకిం కార్వాలో, ఆయన భార్య ఆన్ కోల్‌మన్ ఆ పార్కు తీయించి, పాత తోటల బొమ్మలు, మఠాల కూరగాయల మడుల పద్ధతి చూసి మళ్లీ వేయించారు. నన్నడిగితే ఇందులో పునరుద్ధరణ ఎంతో, కార్వాలో ఊహ కూడా అంతే. అయినా బాగుంది.

మిగతా రెండుసార్లు ఏప్రిల్‌లో, సెప్టెంబర్‌లో వెళ్లాను. ఏప్రిల్‌లో కూరలు ఇంకా చిన్నవి, పక్కనున్న పూలతోటలో ట్యులిప్‌లు మాత్రం అదిరిపోయాయి. సెప్టెంబర్ చివర్లో అయితే గుమ్మడికాయలు, నీలిఛాయ లీక్స్ (ఉల్లి జాతి కూర), ఎర్రకాడల చార్డ్ ఆకుకూరతో అన్ని చదరాలూ నిండి ఉన్నాయి. నా ఓటు దానికే. జూనే ఖాయమైతే ముందు కోట బురుజు ఎక్కండి. కింద నుంచి క్యాబేజీలే కనిపిస్తాయి, ముగ్గు కనిపించదు.