ఫ్రిస్కోకి మారకపోతే మావాడి ఫ్యూచర్ పోతుందా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో, వ్యాలీ రాంచ్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. బాబు 7వ క్లాస్. ఫ్రెండ్స్ అందరూ ఫ్రిస్కోలో ఇళ్ళు కొనేశారు. అక్కడ స్కూళ్ళకి పదికి 9, 10 రేటింగ్, మాకు 5. లోన్ భారమే, ఇద్దరం హెచ్1బీ. మారిపోమంటారా?

జవాబు: ఈ ప్రశ్న నాకు నెలకి నాలుగుసార్లు వస్తుందండి, ఊళ్ళ పేర్లే మారతాయి. ముందు మీ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐఎస్‌డీ, అంటే ఆ ఏరియా గవర్నమెంట్ స్కూళ్ళని నడిపే సంస్థ) కిందకి వస్తుందో చూశారా? వ్యాలీ రాంచ్ వైపు అడ్రస్‌లో ఇర్వింగ్ అనే ఉంటుంది గానీ కొన్ని వీధులు కాపెల్ ఐఎస్‌డీకి, కొన్ని కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌కి పోతాయి.

ఇక రేటింగ్. అది చాలావరకు టెస్ట్ స్కోర్ల మీద నడుస్తుంది, ఆ స్కోర్లేమో ఇంట్లో అమ్మానాన్నల చదువు, జీతాల మీద నడుస్తాయి. టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్‌లో ప్రతి స్కూలుకీ టీఏపీఆర్ అని రిపోర్ట్ ఉంటుంది, అందులో మొత్తం స్కూలు కాలమ్ వదిలేసి మన పిల్లలు లెక్కకొచ్చే ఏషియన్ కాలమ్ ఒక్కటే రెండు చోట్లా పక్కపక్కన పెట్టి చూడండి, చాలాసార్లు 5కీ 9కీ ఉన్నంత దూరం కనపడదు.

ఖరీదైన ఏరియా స్కూళ్ళకి డబ్బు ఎక్కువ ఉంటుందనుకుంటారు, అదీ అనుకున్నట్టు లేదు. ఖరీదైన ఇళ్ళున్న చోట స్కూలు టాక్స్ మిగిలితే 1993 నుంచీ రాబిన్‌హుడ్ అని పిలిచే రూల్ లెక్కన స్టేట్ లాగేసుకుంటుంది, పేద పిల్లలు ఎక్కువున్న చోట తలకి అదనంగా కడతారు. బేసిక్ అలాట్‌మెంట్ (ఒక్కో పిల్లాడికి ఏడాదికి స్టేట్ లెక్కగట్టే మొత్తం) అందరికీ ఒకటే, 2019లో 6,160 డాలర్లు, 2025లో పెంచింది 55 డాలర్లు. ఫ్రిస్కోలో 2024 నవంబర్‌లో స్కూళ్ళ కోసం టాక్స్ రేటు పెంచుతామంటే ఓటర్లు వద్దన్నారు, అదీ చూసుకోండి.

నా అసలు డౌట్ వేరే ఉంది. మీ మనసులో ఉన్నది యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ) కదా? 2026 ఫాల్ నుంచి ఆటోమేటిక్ అడ్మిషన్ ఏ స్కూలుకి ఆ స్కూల్లో టాప్ 5 శాతానికే, అంటే 500 మంది క్లాసులో 25 మంది. ఆ 25లోకి రావాలని మనవాళ్ళ పిల్లలందరూ ఒకే నాలుగు స్కూళ్ళలో చేరి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. మొన్న ఒక పాప వచ్చింది, పదకొండో క్లాస్, మార్క్‌షీట్ నిండా ‘ఏ’ గ్రేడ్లే, ర్యాంక్ మాత్రం నూట పది దాటింది, నా ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది, వాళ్ళ నాన్న ఏమో ఇంకో ఏపీ (కాలేజీ స్థాయి కోర్సు) తీసుకోమంటున్నాడు. పైగా ఆ సీటు యూనివర్సిటీకే గ్యారంటీ, కంప్యూటర్ సైన్స్‌కి కాదు.

కోపం తెచ్చుకోకండి సార్, ఇంత రాశారు గానీ బాబుకి లెక్కలు ఇష్టమా, స్కూల్లో ఫ్రెండ్స్ ఉన్నారా, ఒక్క ముక్క లేదు. మీ బెంగంతా ఫ్రెండ్స్ గృహప్రవేశాల నుంచి వచ్చింది. వాడికేం కాదు, 7వ క్లాసే, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరి వీసాల మీద అంత లోన్ ఎత్తుకుని, ఒక ఉద్యోగం పోతే అప్పుడు మధ్యలో స్కూల్ మార్చాల్సి వస్తే వాడికి అది ఎక్కువ దెబ్బ. ఈ వారం మీ స్కూల్ కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టి, 8వ క్లాసులో ఆల్జీబ్రా 1 (మామూలుగా 9లో చెప్పే లెక్కల కోర్సు) ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే లోన్ ఏజెంట్ ఫోన్ ఎత్తకండి.