నేలకింద నీళ్లు, గోరంత వెలుతురు

ప్రశ్న: డిసెంబరులో ఇస్తాంబుల్ వెళ్తున్నాం. అక్కడి యెరెబతాన్ భూగర్భ జలాశయాన్ని ఫొటోలు తీయాలని ఉంది. గుహల్లో నేను తీసినవన్నీ చెదిరిపోతుంటాయి. నా దగ్గరున్నది కెమెరాతోపాటు వచ్చిన 18-55 జూమ్ (కిట్ లెన్స్) మాత్రమే. ట్రైపాడ్ లేకుండా కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: కుదురుతుంది. అసలు ట్రైపాడ్‌కు అనుమతి దొరకదనుకునే బయల్దేరండి.

ముందు ఫ్లాష్ ఆపేయండి. జస్టీనియన్ చక్రవర్తి 532లో కట్టించిన ఆ జలాశయం సుమారు 140 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. 9 మీటర్ల ఎత్తు స్తంభాలు 12 వరసల్లో 336 ఉన్నాయి. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. ముందున్న రెండు స్తంభాలు సున్నం కొట్టినట్టు తేలి, వెనకవన్నీ నల్లగా మిగులుతాయి. ఫోకస్ కోసం కెమెరా వెలిగించే చిన్న దీపాన్నీ మెనూలో ఆపండి, పక్కవాళ్ల కళ్లలో పడుతుంది.

జూమ్ 18 దగ్గరే ఉంచండి. అక్కడ అపర్చర్ (వెలుగు దూరే కన్నం) ఎఫ్/3.5. ఈ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. అదే 55కి లాగితే ఎఫ్/5.6, అంటే లోపలికొచ్చే వెలుగు దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది. చేతి వణుకేమో మూడు రెట్లు పెరిగి కనిపిస్తుంది. మీ గుహల ఫొటోలు చాలావరకు ఇక్కడే చెడి ఉంటాయి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200, షట్టర్ (వెలుగును లోపలికి రానిచ్చే సమయం) 1/15 సెకనుతో మొదలుపెట్టండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేకపోతే ఐఎస్ఓ 6400, 1/30. గింజలు గింజలుగా వచ్చిన ఫొటోను తర్వాత సరిచేసుకోవచ్చు. కదిలిపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు.

మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి, వరసగా అయిదారు షాట్లు కొట్టండి. మొదటిది బటన్ నొక్కిన కుదుపుకే పోతుంది. మూడోదో నాలుగోదో నిలుస్తుంది. కమ్మీకి ఆనుకోవచ్చుగానీ, పక్కన జనం నడుస్తుంటే అదీ వణుకుతుందని మరవకండి.

ఫోకస్ సంగతి. చీకటి రాతిమీద పెడితే లెన్స్ ముందుకూ వెనక్కూ తడుముకుంటూనే ఉంటుంది. దీపం వెలుగు స్తంభం మీద ఎక్కడ ఆగి నీడ మొదలవుతుందో, ఆ అంచు మీద ఒకే ఒక్క ఫోకస్ బిందువు పెట్టండి. దొరకగానే ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చేయండి. నిలబడ్డ చోటు మారితే మళ్లీ చేయాల్సిందే.

మరమ్మతుల తర్వాత 2022లో తెరిచినప్పటినుంచి లోపల దీపాల రంగులు మారుతుంటాయి. అసలు చిక్కు ఇక్కడుంది. ఎర్రకాంతిలో తీసినది తెరమీద బాగానే ఉన్నట్టుంటుంది, ఇంటికొచ్చి చూస్తే రాతి గరుకంతా ముద్దయిపోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ రంగు వెలుగు ఎంత పడిందో చూపే గీతల పటం) పెట్టుకోండి. ఎర్రగీత కుడి అంచుకు కొట్టుకుంటే షట్టర్ సమయాన్ని సగానికి తగ్గించండి, లేదా పసుపు వెలుగు వచ్చేదాకా ఆగండి. ఆగడమే మేలు. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వద్దు, 3200 కెల్విన్ దగ్గర కట్టేసి, తర్వాత దిద్దుకోవడానికి ఎక్కువ వీలున్న రా ఫార్మాట్‌లో తీయండి. మూలల్లోని చీకటిని ఎడిటింగ్‌లో మరీ లేపకండి, జలాశయం కాస్తా గోదాములా తయారవుతుంది.

నీటిలో స్తంభాల నీడలు కావాలంటే కెమెరాను వీలైనంత కిందికి దించండి. పైనుంచి పడే చుక్కకు నీళ్లు కదులుతాయి, అలలు సర్దుకోనివ్వండి. పొలరైజర్ (లెన్స్ ముందు తగిలించే, మెరుపులు తగ్గించే ఫిల్టర్) ఇంట్లోనే వదిలేయండి, ఉన్న వెలుగునూ తినేస్తుంది, ప్రతిబింబాన్నీ చెరుపుతుంది. మెడూసా (గ్రీకు పురాణాల్లోని పాముల జుట్టు స్త్రీ) రాతి తలలు రెండూ వాయవ్య మూలన స్తంభాల అడుగున ఉన్నాయి, ఒకటి పక్కకు ఒరిగి, ఒకటి తలకిందులుగా. అక్కడ రద్దీ ఉంటుంది, ముందు అటే వెళ్లండి.

చివరగా ఆవిరి. ఏసీ గదిలోంచి గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డుకు రాగానే కళ్లజోడు మసకబారడం మీకు తెలిసిందే. డిసెంబరు చలిలో చల్లబడ్డ కెమెరా ఆ తేమలోకి దిగితే అదే జరుగుతుంది. మూసిన సంచిలోనే 15-20 నిమిషాలు ఉంచి తీయండి. లోపల లెన్స్ మార్చొద్దు.

ప్రశ్న: మా దగ్గర పాత బారవ్ (మెట్ల బావి) ఉంది. ఫోన్‌తో తీస్తే పైన ఆకాశం తెల్లగా, కింద మెట్లు నల్లగా వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేస్తే సగం సమస్య పోతుంది. మబ్బు పట్టిన రోజున వెళ్లండి, లేదా ఎండ నిట్టనిలువునా అడుగుకు దిగే మధ్యాహ్నం పూట. ఫోన్‌లో మెయిన్ కెమెరానే వాడండి, మరీ వెడల్పుగా తీసే లెన్స్ చాలా ఫోన్లలో వెలుగు తక్కువ పట్టుకుంటుంది. ట్రైపాడ్ ఉంటే ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఐఎస్ఓ 100 పెట్టి, కదపకుండా మూడు ఫొటోలు తీయండి: ఫోన్‌లోని వెలుగు మీటరు చూపినట్టు ఒకటి, షట్టర్ సమయం నాలుగు రెట్లు తగ్గించి ఒకటి, నాలుగు రెట్లు పెంచి ఒకటి. తర్వాత కలపొచ్చు.

పాచి పట్టిన మెట్టు మీద నిలబడి తెర చూడకండి. కప్పుమూసిన గదుల్లోకి, చాలాకాలం వాడని బావిలోకి ఫొటోకోసం దిగొద్దు. అడుగున గాలి చెడి ఉండొచ్చు. దీపం ఆరలేదు కదా అని నమ్మడానికి లేదు, కొన్ని విషవాయువులకు దీపం ఆరదు.