కళ్ల కింద ఫిల్లర్: మన రంగుకి మచ్చలు పడతాయా?

చెల్లీ, మిర్యాలగూడ పార్లర్‌లో పెళ్లికి పది రోజుల ముందు కళ్ల కింద ఫిల్లర్ (గుంట నిండేలా సూదితో ఎక్కించే జెల్) వేస్తామన్నారని, చామనఛాయకి మచ్చలు పడతాయేమోనని టెన్షన్ పడుతున్నావు. పార్లర్‌లో మాత్రం వద్దమ్మా.

ముందు కిటికీ దగ్గర అద్దం పట్టుకుని, వెలుతురు ముఖం మీద నేరుగా పడేలా గడ్డం పైకెత్తు. కళ్ల కింద నలుపు బాగా తగ్గితే అది గుంట వల్ల పడే నీడ. దానికి ఫిల్లర్ పనికొస్తుంది. అలాగే ఉంటే అది చాలావరకు చర్మం రంగు, ఫిల్లర్‌తో పోదు.

మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ చురుకు. సూది గుచ్చినచోట, కమిలినచోట నల్లమచ్చ మిగలొచ్చు. నా చెంప మీద అలా పడిన చుక్క పోవడానికి నాలుగు నెలలు పట్టింది, అదీ రోజూ సన్‌స్క్రీన్ రాస్తే. చెవి కుట్టించుకున్నచోట నీకు ఎప్పుడైనా కండ గడ్డలా పెరిగి ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పు.

అసలు భయం ఫిల్లర్ వెళ్లి రక్తనాళం మూసుకుపోవడం. అప్పుడు చర్మం పాలిపోతుంది, కానీ మన రంగు మీద అది తొందరగా కనపడదు. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా క్షణం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అందుకే నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో చర్మవ్యాధుల ఎండీ డాక్టర్‌నే కలువు. వాడేది హైలురోనిక్ యాసిడ్ ఫిల్లరేనా, దాన్ని కరిగించే మందు హైలురోనిడేజ్ అక్కడే ఉందా అని అడుగు. చేయించుకుంటే పెళ్లికి కనీసం నెల ముందే చేయించుకో.