వ్యాన్‌లో బ్యాటరీని ఎంచుకునే ముందు, దాన్ని రోజూ ఎలా నింపుతారో తేల్చుకోండి

పాత ట్రావెలర్ వ్యాన్‌ను కుటుంబం పడుకుని ప్రయాణించేలా మార్చుకుంటున్నామని, రోజూ రెండు మూడు గంటలు నడిపి రాత్రికి ఆగుతామని రాశారు. అందులో చిన్న 12 వోల్టుల ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు నడవడానికి కారు బ్యాటరీ, ఇంటి ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్, ఏజీఎం (యాసిడ్‌ను గాజు నార పొరల్లో ఇమిడ్చి సీలు చేసిన సీసం బ్యాటరీ), లిథియంలలో ఏది కొనాలని అడిగారు. కాకినాడలో ఉన్న మీ బావగారి పడవకు కూడా అదే పనికొస్తుందా అన్నది మీ రెండో ప్రశ్న. హైదరాబాదు నుంచి ఆరేళ్లుగా అలాంటి వ్యాన్‌లోనే తిరుగుతున్నాను. ఈ ఆరేళ్లలో మూడు రకాల బ్యాటరీలను నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను కనుక, కొంత నమ్మకంతోనే జవాబు రాస్తున్నాను.

నేను మొదట వాడిన కారు బ్యాటరీ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాల పాటు వందల ఆంపియర్లు ఇవ్వాలి కాబట్టి అందులో పలుచని ప్లేట్లు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి; రాత్రంతా ఫ్యాన్ తిప్పి దాన్ని అడుగంటా ఖాళీ చేస్తే కొద్ది వారాల్లోనే ఆ ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. రోజూ లోతుగా ఖాళీ చేసి మళ్లీ నింపడానికి చేసిన డీప్ సైకిల్ బ్యాటరీలో ప్లేట్లు దళసరిగా ఉండటానికి కారణం ఇదే.

ఆ తరువాత, ఇంట్లో ఏళ్ల తరబడి మన్నింది కదా అని 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే ఎన్ని ఆంపియర్లను ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీని మంచం కింద పెట్టించాను. ట్యూబులర్ నిజంగానే మంచి డీప్ సైకిల్ బ్యాటరీ, కాకపోతే అది కదలకుండా ఒకచోట ఉండవలసినది. యాభై కిలోలకు పైగా బరువు, నిటారు ఆకారం, పైన గాలి పోయే మూతలు ఉన్న ఆ బ్యాటరీ శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఒరిగి, యాసిడ్ చిమ్మి, మా దుప్పట్లకు చిల్లులు పెట్టింది. దుప్పట్ల మాట అటుంచండి, ఛార్జింగ్ చివరి దశలో అది వదిలే హైడ్రోజన్ మూసి ఉన్న గదిలో చేరడం అంతకంటే పెద్ద ప్రమాదం. మనుషులు పడుకునే చోట మూతలున్న బ్యాటరీ పెట్టవద్దని ఎవరు అడిగినా చెబుతున్నాను.

నాకు అసలు పాఠం నేర్పింది మూడోది, ఏజీఎం. అది సీలు చేసిన బ్యాటరీ, ఒలకదు, నీళ్లు పోసే పని లేదు. 100 ఏహెచ్‌ది కొని, ముందు ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వెనక్కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించాను. రోజుకు మూడు గంటలు బండి నడుపుతాం కదా, నిండకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. పద్నాలుగు నెలలకే అది 45 ఏహెచ్ కంటే ఎక్కువ ఇవ్వలేని స్థితికి వచ్చింది. తీరా కొలిచి చూస్తే ముందు 14.2 వోల్టులున్నది వెనుక బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 13.5 అయింది. పోను రాను పది మీటర్ల ఆ సన్నని వైరులో 15 ఆంపియర్లు పారితే 0.7 వోల్టు వైరులోనే పోతుంది, ఏజీఎం పూర్తిగా నిండాలంటే మాత్రం సుమారు 14.4 నుంచి 14.7 వోల్టులు అందాలి.

వైరు మార్చినా కథ అక్కడితో ముగియదు. సీసం బ్యాటరీ (కారుది, ట్యూబులర్, ఏజీఎం) ఏదైనా 80 శాతం వరకు చురుగ్గా నిండుతుంది. మిగిలిన 20 శాతానికి, ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా, మరో నాలుగైదు గంటలు తీసుకుంటుంది. ఆ గంటలు రోజూ దొరకకపోతే ప్లేట్ల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడుతుంది, దీన్నే సల్ఫేషన్ అంటారు, అలా గట్టిపడినది తిరిగి కరగదు. బండి ఆపగానే మీటరు 13 వోల్టులు చూపిస్తే నిండిందనుకుని సంతోషించేవాణ్ణి. అది పైపై ఛార్జ్ మాత్రమే. లోడు ఏదీ లేకుండా కొన్ని గంటలు వదిలిన తరువాత ఏజీఎం 12.8 వోల్టులకు చేరువలో ఉంటేనే నిండినట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి దిగినట్టు. కాబట్టి ఏ రకం కొనాలన్న మీ ప్రశ్నకు ముందు, రోజులో ఎన్ని గంటలు, ఏ మార్గాన దాన్ని నింపగలరన్న ప్రశ్నకు జవాబు వెతకండి.

ఇక లెక్క. మే నెల ఎండలో నలభై లీటర్ల ఫ్రిజ్ రోజుకు దాదాపు 40 ఏహెచ్ తీసుకుంటుంది, 28 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు సుమారు 19, లైట్లూ ఫోన్లూ కలిపి 8, లాప్‌టాప్‌కు 5. మొత్తం 70 ఏహెచ్ దాటుతుంది. సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదు కనుక అందులోనైతే 150 ఏహెచ్ కావాలి. కొనేటప్పుడు ఆ అంకె పక్కన సి20 అని ఉందా సి10 అని ఉందా చూడండి: సి20 మీద 150 అంటే 7.5 ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు ఇస్తుందని అర్థం, అంతకంటే వేగంగా లాగితే మొత్తం కూడా తగ్గుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద ఆశ పెట్టుకోకండి. 1500 వాట్లకు 12 వోల్టుల మీద 140 ఆంపియర్ల దాకా లాగుతుంది. మా ఇడ్లీలు ఇప్పటికీ గ్యాసు మీదే ఉడుకుతున్నాయి.

మీలాగా రోజూ రెండు మూడు గంటలు నడిపి రాత్రికి ఆగేవారికి నా సలహా 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అందులో 80 నుంచి 90 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువు పన్నెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా సగం నింపి వదిలేసినా దానికి నష్టం లేదు. అయితే ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపవద్దు, అది అతిగా కరెంటు గుంజి ఆల్టర్నేటర్‌ను కాల్చేయగలదు. మధ్యలో కరెంటును అదుపులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెడితే రెండున్నర గంటల ప్రయాణంలో రోజు వాడకం తిరిగి వచ్చేస్తుంది. దాని వోల్టేజీ చాలా సేపు ఒకే చోట నిలబడి ఉంటుంది కనుక మీటరు చూసి అంచనా వేయలేరు, షంట్ (పారే కరెంటును కొలిచే భాగం) ఉన్న మానిటర్ తీసుకోండి. సున్నా డిగ్రీల కన్నా తక్కువలో దాన్ని ఛార్జ్ చేయకూడదు. లేహ్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే అలాంటి చలిలో ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉందో లేదో కొనేముందే అడగండి. మన రామగుండం ఎండలు మాత్రం ఏ బ్యాటరీకీ మంచివి కావు, ఇంజిన్ దగ్గర అసలే పెట్టకండి.

బండి నెలల తరబడి ఇంటి ముందే ఉండి, పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్ రోజంతా ఎండలో ఉండేటట్లయితే, ఏజీఎం తీసుకుని డబ్బు మిగుల్చుకోవచ్చు, ఎందుకంటే ఆ చివరి 20 శాతానికి కావలసిన గంటలు దానికి దొరుకుతాయి. నిల్వలో రెండింటి స్వభావం వేరు: సీసాన్ని నిండుగా ఉంచాలి, లిథియంను సగంలో ఉంచాలి.

మీ బావగారి పడవకు ఏ రకమైనా సీలు చేసినదే కొనమనండి. యాసిడ్ బ్యాటరీలోకి సముద్రపు నీరు చేరితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీని లైట్ల బ్యాటరీతో కలపకుండా విడిగా ఉంచి, రెండింటినీ వీలైనంత కింద, బెల్టుతో బిగించి, టెర్మినళ్లకు గ్రీజు పూయించాలి. వ్యాన్‌లో గానీ పడవలో గానీ పాజిటివ్ వైరుకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అవతలి చివర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు ఆ ఫ్యూజుకు తెలియనే తెలియదు.