రానన్నాడా, రాడా?

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ అనువాదం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేతిలో పట్టుకుని. వాక్యం నడపడం నీకు వచ్చు, ఆ విషయంలో నాకు టెన్షన్ లేదు. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. మంచం మీదున్న ముసలాయన గురించి మూలంలో 'హీ వుడ్ంట్ ఈట్' అని ఉంటే, నువ్వు 'ఆయన తినేవాడు కాదు' అని రాశావు. అది ఆయన అలవాటు చెప్పినట్టుంది. కథలో జరిగింది వేరు. ఆ రాత్రి కూతురు కంచం పట్టుకుని కూర్చుంది, ఆయన ఒప్పుకోలేదు. 'ఎంత బతిమాలినా తిననన్నాడు' అనాలి. ఆ మాటైనా పైకి అనలేదు అనిపిస్తే 'మెతుకు ముట్టలేదు' అని రాయి.

ఆ 'వుడ్' ఇంగ్లీషు 'విల్'కు భూతకాల రూపమే. 'విల్' మొదట్లో భవిష్యత్తు చెప్పే మాట కాదు. పాత ఇంగ్లీషులో దానికి కోరుకోవడం అని అర్థం. తర్వాత అది జరగబోయేదాన్ని చెప్పే పనికి కుదురుకుంది గానీ, లోపలి ఇష్టం చచ్చిపోలేదు. ముఖ్యంగా 'కాదు' అనేటప్పుడు అది తల ఎత్తుతుంది. ('వోంట్'లో ఆ ఓకారం ఎక్కడిదని మొన్న అడిగావు. 'విల్'కు 'వోల్' అనే పాత రూపం ఒకటి ఉండేది, దానికి 'నాట్' కలిసి అరిగి అరిగి ఇలా మిగిలింది.) అందుకే 'ఇట్ వోంట్ రెయిన్' అంటే వాన గురించి అంచనా, 'ఐ వోంట్ సైన్' అంటే సంతకం పెట్టనని మొండికేయడం. మరి 'హీ వోంట్ కమ్'? రాడని ఎవరో అనుకుంటున్నారా, రానని అతనే అన్నాడా? మూలంలో ముందువెనకలు చదివితే తప్ప తెలియదు.

మన 'రాడు'లోనూ ఆ చిక్కు ఉంది. కానీ దాన్ని విప్పుకోవడానికి తెలుగు ఎన్ని దారులిచ్చిందో చూడు. రానంటున్నాడు. రాలేడు. రాడులే. వచ్చేలా లేడు. ఇంకెక్కడొస్తాడు! వస్తే వచ్చినట్టే. చివరి రెండింటిలో 'కాదు' అన్న ముక్కే లేదు, అయినా వాటికంటే గట్టిగా కాదని చెప్పే మాట నాకు తట్టదు. నీ పదహారు పేజీల్లో ఇవేవీ కనపడలేదు. అన్నిచోట్లా 'రాడు', 'చేయడు', 'జరగదు'. వాళ్ళు మనసులో ఏమనుకుని ఆ మాట అన్నారో నాకు వినపడాలి.

వస్తువులకు కూడా ఇంగ్లీషువాళ్ళు ఇష్టాయిష్టాలు అంటగడతారు. 'ది ఇంజిన్ వోంట్ స్టార్ట్' అన్నచోట నువ్వు 'ఇంజిన్ మొదలవదు' అన్నావు. అలా ఎవరూ అనరు. మా ఇంటి దగ్గరే పెదజాలారిపేట. ఒకరోజు పొద్దున్నే ఒడ్డున ఒకాయన మోటారు తాడు లాగి లాగి అలిసిపోయి, 'కదల్నంటంది' అని పక్కనే కూలబడ్డాడు. 'మొరాయిస్తోంది' అన్నా సరే. మొండికేసిన ఎద్దుకూ బండికీ మనం ఒకే మాట వాడతాం. అదే ఆయన సముద్రం కేసి చూసి, 'ఇయ్యాల గంగమ్మ రానీదు' అన్నాడు. అది జోస్యమా, నిరాకరణా? రెండూ. అలలు చూసి వేసిన అంచనా, తల్లి వద్దంటోందన్న మర్యాద, ఒక్క 'రానీదు'లో ఇమిడిపోయాయి. ఆ మాట విన్న రోజు నాకు వేరే పని తోచలేదు.

'లే' గురించి ఒక మాట చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వస్తోందని రేడియో, టీవీ చెబుతూనే ఉన్నాయి. మా వీధిలో పెద్దవాళ్ళు మాత్రం 'మనల్ని తాకదులే, కొండలు అడ్డున్నాయి' అన్నారు. అంతకుముందు చాలా తుఫాన్లు పక్కకు పోయాయన్న ధైర్యం అది. 12వ తేదీన అది విశాఖ మీదే తీరం దాటింది. చెట్లు విరిగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. 'తాకదు' అంటే అంచనా. 'తాకదులే' అంటే ఎదుటివాడికి ధైర్యం చెప్పడం, తనకు తాను కూడా చెప్పుకోవడం. ఇంగ్లీషులో ఆ పని గొంతు చేస్తుంది, లేదా పక్కన ఇంకో వాక్యం కావాలి. కాబట్టి మూలంలో తల్లి పిల్లాడికి 'ఇట్ వోంట్ హర్ట్' అంటే, 'నొప్పి పుట్టదు' అని డాక్టరులా రాయకు. 'నొప్పెట్టదులే నాన్నా' అనిపించు.

మరి కొన్ని తొందరగా చెబుతాను, పెన్సిలు గుర్తులు పెట్టాను చూసుకో. 'ఐ డోంట్ థింక్ ఇట్ విల్ రెయిన్' అన్నచోట 'కాదు'ను వాళ్ళు అనుకోవడం మీద పెడతారు, మనం వాన మీద పెడతాం. 'వాన పడుతుందని నేను అనుకోవడం లేదు' కాదు, 'వాన పడదనుకుంటా'. 'ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్'లో ఎవరూ భయపడటం లేదు. 'రాలేనండీ, ఏమీ అనుకోకండి', అంతే. 'ఐ డౌట్ ఇట్' అంటే అడగవలసిన డౌటు ఉందని కాదు, నమ్మకం లేదని. 'వోంట్ యూ హావ్ సమ్ కాఫీ' అన్నది చూడటానికి కాదనే మాటలా ఉన్నా నిజానికి ఆహ్వానం. మనకూ ఉందిగా, 'కాఫీ తాగరూ?' ఆ దీర్ఘం పోగొట్టకు.

ఇక చివరి పేజీ. ప్లాట్‌ఫారం మీద భర్త, రైలు వెళ్ళిపోయింది. 'షీ వోంట్ కమ్ బ్యాక్.' నువ్వు 'ఆమె తిరిగి రాకూడదని నిశ్చయించుకుంది' అని రాశావు. ఇంతసేపూ విడదీయమని చెప్పిన నేనే ఇక్కడ వద్దంటున్నాను. ఆమె రానని అనుకుందో, ఇతను రాదని అనుకుంటున్నాడో మూలరచయిత చెప్పలేదు, ఆ భర్తకూ తెలియదు. ఆ వాక్యం మొత్తం కొట్టేసి, 'ఇక రాదు' అని మాత్రం ఉంచు.

ఆశీస్సులతో,
అక్కయ్య