'బ్యాన్' అంటే స్త్రీ, మరి తలుపు మీద 'మ్నా' ఎందుకు?

డబ్లిన్ పబ్బులో టాయిలెట్ తలుపు మీద 'మ్నా' అని ఉందనీ, ఐరిష్ డిక్షనరీలో మాత్రం స్త్రీకి 'బ్యాన్' అని ఉందనీ అడిగారు కదా. రెండూ ఒకే పదమండీ. 'మ్నా' బహువచనం, అంటే స్త్రీలు. పక్క తలుపు మీది 'ఫిర్' అంటే పురుషులు. మొదటి అక్షరాలైన M, F లను ఇంగ్లీషులా 'మెన్', 'ఫీమేల్' అనుకుని తప్పు తలుపు తోసేవాళ్లు తక్కువేం కాదు!

మూలం ప్రాచీన ఇండో-యూరోపియన్ భాషలో ఉంది, అంటే సంస్కృతం, గ్రీకు, ఇంగ్లీషు, ఐరిష్‌లన్నిటికీ మూలభాషలో. అక్కడి 'గ్వ' ధ్వని ఐరిష్‌లో 'బ' అయింది. మన 'గోవు'లోని సంస్కృత 'గో' వాళ్లకు 'బో' అయినట్టే. ఋగ్వేదంలోని 'గ్నా' (దివ్యస్త్రీ), ఇంగ్లీషు 'క్వీన్', గైనకాలజీలోని గ్రీకు ముక్క, అన్నీ 'బ్యాన్'కు చుట్టాలే. కొన్ని రూపాల్లో మధ్య అచ్చు పోయి 'బ్న' మిగిలింది, అదే 'మ్న' అయింది.

'బ్యాన్' స్త్రీలింగం, కానీ వ్యాకరణంలోని మామూలు పట్టికలకు లొంగదు. 'స్త్రీ యొక్క' అన్నా 'మ్నా'యే. 'స్త్రీల యొక్క' అంటే 'బన్'. ముందు ఆర్టికల్ వస్తే మొదటి అక్షరమూ మారుతుంది: 'అన్ వ్యాన్' అంటే ఆ స్త్రీ, 'న మన్' అంటే ఆ స్త్రీల యొక్క. సూత్రం వెతక్కండి, ఈ రూపాలన్నీ బట్టీ పట్టేయండి.